తేదీ చెప్పి కురిపించే మంచు

బరంపురంలో పర్యాటకులకు వాహనాలు, గదులు కుదిర్చే పనిలో నేను ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. డిసెంబరు మొదలయ్యేసరికి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చే ప్రతి ఫోనులోనూ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "దారింగబాడిలో మంచు పడుతోందా అండీ?" దారింగబాడి అంటే ఒడిశాలో మాకు పైనున్న కొండ ఊరు, దాన్ని ఒడిశా కశ్మీరు అంటారు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బిందువులనూ మనం మంచే అంటాం, ఎదుటి బండిని కనబడనివ్వని తెల్లటి పొగనూ మంచే అంటాం, చలి బాగా ముదిరిన రాత్రి గడ్డిపోచల మీద గడ్డకట్టే తెల్లటి పొడినీ మంచే అంటాం, కశ్మీరులో ఆకాశం నుంచి రాలేదాన్నీ మంచే అంటాం. మా పక్కింటి ఒడియా వారికి ఈ ఇబ్బంది లేదు. వారికి మొదటిది కాకర, రెండోది కుహుడి, మూడోది తుషార, నాలుగోది బరఫ. మన భాషలో ఒకే మాట ఉండడం వల్ల నేను ఒకసారి తప్పు చేశాను, ఆ తప్పే నన్ను ఈ విషయం వైపు నడిపించింది.

కొన్నేళ్ళ క్రితం నా కౌంటరు ముందు ఒక ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద "ఒడిశా కశ్మీరులో మంచు చూడండి" అని పెద్ద అక్షరాలతో రాయించి, కింద మంచు బరువుకు కొమ్మలు వంగిపోయిన చెట్ల బొమ్మ వేయించాను. ఆ బొమ్మ మా కొండలది కాదు, ఫ్లెక్సీ కొట్టే కుర్రవాడు ఇంటర్నెట్టులో వెతికి పెట్టినది. ఆ బోర్డు చూసి ఇచ్ఛాపురం నుంచి పదకొండు మంది కుటుంబం వచ్చింది. వారిని రాత్రికి రాత్రి సొరడ ఘాటు మీదుగా పైకి తీసుకువెళ్ళాను. ఆ రాత్రి మబ్బు పట్టింది. మబ్బు పట్టిన రాత్రి తుషారం కట్టదు. తెల్లవారి ఐదున్నరకు రెండు శాలువలు కప్పుకుని వాకిట్లో నిలబడ్డ ఆ ఇంటి పెద్దావిడ చుట్టూ చూసి, "ఏం నాయనా, ఇది మన ఊళ్ళో పట్టే పొగమంచే కదా. బొమ్మలోది ఎక్కడుంది?" అని అడిగారు. "మామ్మగారూ, రాత్రి మబ్బు పట్టిందండీ" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. తలుపు దగ్గర ఆడుకుంటున్న మనవరాలిని లోపలికి పిలుచుకుని వెళ్ళిపోయారు. వారికి సగం డబ్బు తిరిగి ఇచ్చి, ఆ వారమే బోర్డు దింపించాను. అయినా ప్రశ్న మాత్రం మిగిలింది: ఆకాశం నుంచి పడేదాన్ని నమ్ముకుని బతికేవారు గిరాకీకి మాట ఎలా ఇవ్వాలి? ఈ చిక్కు మాకు ఏడాదికి రెండు నెలలే. కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని మంచు వాలుల మీద జారే ఆట కోసం స్కీ రిసార్టులు నడిపేవారికి వ్యాపారమంతా ఇదే. వారు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో తెలుసుకోవడం అప్పుడు మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆపలేదు.

మంచును తయారుచేసే యంత్రం పుట్టుకే అమ్మకాల ఇబ్బందిలోంచి జరిగిందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమూ కలిగింది, కొంత ధైర్యమూ కలిగింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్‌ఫోర్డ్ పట్టణంలో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు టే మాన్యుఫాక్చరింగ్ పేరుతో స్కీలు తయారుచేసి అమ్మేవారు. 1949 చివరి నుంచి 1950 దాకా సాగిన ఆ చలికాలంలో ఆ ప్రాంతంలో మంచు సరిగా పడలేదు, స్కీలు కొనేవారు లేకపోయారు. గడ్డకట్టే చలిలోకి నీటి బిందువులను చిమ్మితే మంచు అవుతుందన్న ఆలోచనతో వారు రంగు చల్లే స్ప్రేయరు నాజిల్‌ను, ఒక గాలి కంప్రెసరును, తోటకు నీళ్ళు పట్టే గొట్టాన్ని కలిపి 1950 మార్చిలో మొదటి మంచును కురిపించారు. అదే రాష్ట్రంలో మోహాక్ మౌంటెన్ అనే స్కీ కొండను నడిపిన వాల్ట్ షెన్‌నెక్ట్ అంతకు కొంచెం ముందే వందల టన్నుల ఐసు దిమ్మలను తెప్పించి, చూర్ణం చేయించి, వాలు మీద పరిపించి చూశాడు. కొండ మీద ఏదో ఒక తెలుపు కనబడకపోతే జనం రారని అతనికి అంత గట్టిగా తెలుసు. తరువాత అతను వెర్మాంట్‌లో మౌంట్ స్నో రిసార్టును కట్టినప్పుడు చెరువులోంచి ఆకాశానికి నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ పెట్టించాడు. చలికి ఆ నీళ్ళు గడ్డకట్టి ఒక గుట్టగా పెరిగేవి, జనం దాన్ని చూడడానికే వచ్చేవారు. 1952లో న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లోని గ్రాసింజర్స్ హోటలు తన అతిథుల కోసం యంత్రపు మంచును వాడడం మొదలుపెట్టింది. అది ప్రధానంగా విడిది హోటలు, స్కీ వీరుల కొండ కాదు. చలికాలంలో కూడా గదులు నిండాలంటే అతిథికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. నా వృత్తిలో ఉన్నవారికి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ యంత్రం పనిచేయడం నేను కళ్ళారా చూసింది ఒక్కసారే. మా అక్క కుటుంబం బోస్టన్ దగ్గర ఉంటుంది. నేను వెళ్ళిన జనవరిలో బావగారు నన్ను గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న స్కీ కొండకు రాత్రిపూట తీసుకువెళ్ళారు. కారు దిగగానే మొదట వినిపించింది చప్పుడు, మా ఊరి రైసు మిల్లు నాలుగు మర్లూ ఒకేసారి తిప్పితే వచ్చేంత హోరు. కొండ వాలు పొడుగునా నిలబెట్టిన, మంచు చిమ్మే గన్నుల నోళ్ళలోంచి తెల్లటి ధారలు దీపాల వెలుతురులోకి లేచి, గాలికి ఒక పక్కకు వంగి, నెమ్మదిగా దిగుతున్నాయి. అక్కడ పనిచేస్తున్న ఒక పెద్దమనిషి గన్నుకు పది పదిహేను అడుగుల దూరంలో నిలబడి, చేతిని చాచి, తన కోటు చేతి మీద పడుతున్న మంచును టార్చి వేసి చూస్తున్నాడు. ఎందుకని బావగారు అడిగితే, గింజలు కోటు మీద పడి ఎగిరి పోతుంటే మంచు పొడిగా వస్తోందని, అంటుకుని తడి చేస్తుంటే నీళ్ళు ఎక్కువయ్యాయని, అప్పుడు నీటి కవాటాన్ని కొంత బిగించాలని చెప్పాడు. ఎన్ని కొలమానాలు వచ్చినా ఆ కోటు చేయి చెప్పేది ముందు వింటానని కూడా అన్నాడు. నేను నా చేయి చాచాను. నా ఉన్ని స్వెట్టరు మీద పడ్డవి నక్షత్రాల్లాంటి రేకులు కావు, ఉప్మా రవ్వంత గుండ్రటి గింజలు. గుప్పెట్లో పట్టి పిసికితే పంచదారలా కరకరలాడాయి. మేఘంలో పుట్టిన మంచు చాలాసేపు దిగుతూ ఆవిరిలోంచి రేకులు తొడుక్కుంటుంది, గన్నులోంచి వచ్చిన బిందువు కొన్ని సెకన్లలో నేలను చేరేలోపు గడ్డకట్టాలి కాబట్టి దానికి అంత వ్యవధి ఉండదు. అందుకే అది చిక్కగా, బరువుగా ఉంటుంది. తొందరగా కరగదు, వేల మంది స్కీల రాపిడికి ఆగుతుంది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న సంగతి తడి బల్బు ఉష్ణోగ్రత. వేసవిలో వట్టివేళ్ళ తడిక తడిపితే హైదరాబాదులో గది చల్లబడుతుంది, బరంపురంలో ఉక్క తప్ప ఏమీ మిగలదు. గాలి పొడిగా ఉంటే నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, గాలిలో ముందే చెమ్మ ఉంటే ఆ పని జరగదు. మంచు గన్ను నడిచేదీ ఈ సూత్రం మీదే. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే చూపించే ఉష్ణోగ్రత సుమారుగా మైనస్ 2 డిగ్రీలకు దిగినప్పుడే గన్నులు తిప్పుతారు. గాలి బాగా పొడిగా ఉంటే మామూలు థర్మామీటరు సున్నా చూపిస్తున్నా మంచు తయారవుతుంది, చెమ్మ నిండి ఉంటే అంతకంటే చల్లటి రాత్రి కూడా వ్యర్థమవుతుంది. నీటి లెక్క కూడా చిన్నది కాదు. ఒక ఘనపు మీటరు యంత్రపు మంచుకు 400 నుంచి 500 లీటర్ల నీరు కావాలి. అంటే ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మందం పరచాలంటే 12 నుంచి 15 లక్షల లీటర్లు పడుతుంది.

ఇంత ఖర్చు పెట్టి రిసార్టులు కొనుక్కుంటున్నది మంచునని మొదట్లో నేనూ అనుకున్నాను. వారి ప్రకటనలు, వారి లెక్కలు చదివిన కొద్దీ వారు కొనుక్కుంటున్నది ఒక తేదీని అని అర్థమైంది. ఫలానా రోజున వాలు తెరుస్తామని, క్రిస్మస్ వారంలో వచ్చినవారికి నేల కనబడదని ముందుగా చెప్పగలగడమే వారు అమ్మే సరుకు. స్విట్జర్లాండ్ పరిశోధకులు చాలాకాలంగా ఒక కొలత వాడుతున్నారు: డిసెంబరు 1కీ ఏప్రిల్ 15కీ మధ్య కనీసం 100 రోజులు, 30 సెంటీమీటర్ల మంచు, పది చలికాలాల్లో ఏడింటిలో ఉంటేనే ఆ ప్రాంతాన్ని నమ్మదగినదిగా లెక్కవేస్తారు. పదింటిలో ఏడు అంటే మిగిలిన మూడేళ్ళు మాట తప్పినట్టే. ఆ మూడేళ్ళను పూడ్చడానికే గన్నులు. నేటికి ఇటలీలో స్కీ వాలుల్లో సుమారు 90 శాతానికి, ఆస్ట్రియాలో 70 శాతానికి, స్విట్జర్లాండ్‌లో సగానికి యంత్రపు మంచు ఏర్పాటు ఉందంటే, అక్కడ తేదీ ఇవ్వలేని రిసార్టుకు గిరాకీ లేదని అర్థం.

అమెరికా తూర్పు తీరంలో ఈ విద్యను బాగా వంటబట్టించుకున్నది వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్. అందరికంటే ముందు తెరవడం, అందరికంటే ఆలస్యంగా మూయడం అక్కడివారు తమ గుర్తుగా చేసుకున్నారు. సూపర్‌స్టార్ అనే ఒక్క వాలు మీద చలికాలమంతా గన్నులు తిప్పి, దిబ్బలుగా మంచు పోసి, చుట్టుపక్కల చెట్లు చిగిర్చిన తరువాత కూడా మే నెలలో, కొన్నేళ్ళు జూన్‌లో సైతం దాని మీద స్కీ చేయిస్తారు. ఆ ఒక్క పట్టీ మీదికి ఎంతమంది వస్తారు, టికెట్ల మీద ఎంత మిగులుతుంది అని లెక్క వేస్తే ఆ ఖర్చు అర్థం కాదు. జూన్‌లో ఆకుపచ్చ కొండ మీద తెల్లటి పట్టీ ఫొటో పత్రికల్లో పడుతుంది, చూసినవాడు వచ్చే నవంబరుకు ఏ కొండను నమ్మాలో ఆ రోజే నిర్ణయించుకుంటాడు. 2016లో మొదలుపెట్టి నవంబరు చివరి వారంలో మహిళల స్కీ ప్రపంచ కప్పు పోటీలను కూడా చాలా ఏళ్ళు అక్కడ నిర్వహించారు. నవంబరులో ఆ కొండకు సహజంగా పడే మంచును నమ్ముకుని ఏ క్రీడా సమాఖ్యా తేదీ ఖరారు చేయదు. 2008లో స్కీ రిసార్టులు నడిపే వెయిల్ సంస్థ సీజనంతా చెల్లే ఎపిక్ పాసు ప్రవేశపెట్టిన తరువాత సీజను టికెట్లను చలికాలానికి నెలల ముందే అమ్మడం బాగా పెరిగింది. మబ్బే కనబడని కాలంలో డబ్బు కట్టేవాడికి చూపించడానికి యంత్రాల గది తప్ప వేరే హామీ ఏముంటుంది?

నా వృత్తికి ఎక్కువగా పనికివచ్చిన విషయం మాత్రం వేరొకటి. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2007లో ఆ రాష్ట్రంలోని స్కీ కొండలకు రోజువారీగా వచ్చేవారి లెక్కలను వాతావరణంతో పోల్చి చూశారు. కొండ మీద ఎంత మంచు ఉందన్నది జనం రాకను ప్రభావితం చేస్తుంది, అది సహజమే. దానితోపాటు దూరాన ఉన్న బోస్టన్ నగరంలో మంచు పడిందా లేదా అన్నది కూడా స్పష్టంగా ప్రభావం చూపిందని తేలింది. తన పెరట్లో మంచు కనబడనివాడికి కొండ మీద మంచు ఉంటుందన్న ఆలోచనే రాదు. మా దగ్గరా ఇది అక్షరాలా నిజం. బరంపురంలో స్వెట్టరు వేసుకోవలసిన చలి పడిన రోజున నాకు ఫోన్లు మోగుతాయి, ఉక్కగా ఉన్న రోజున దారింగబాడిలో ఎంత చలి ఉన్నా ఎవరూ అడగరు. అందుకే రిసార్టులు గన్నులు తిప్పడం మొదలైన మొదటి రాత్రినే వీడియో తీసి నగరాలకు పంపుతాయి, వాలు మీద కెమెరా పెట్టి రోజంతా ప్రత్యక్షంగా చూపిస్తాయి. 2016 ఫిబ్రవరిలో బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కు బేస్‌బాల్ మైదానంలో ఎత్తయిన ర్యాంపు కట్టి, దాని మీద యంత్రపు మంచు పరిచి, స్కీ, స్నోబోర్డు దూకుళ్ళ ప్రపంచ కప్పు పోటీలు జరిపారు. కొండకు రాని నగరం ముందుకు మంచునే తీసుకువచ్చారు. హైదరాబాదులో 2004లో స్నో వరల్డ్ తెరిచినప్పుడు మన కుటుంబాలు పిల్లలను తీసుకుని ఎలా బారులు తీరాయో గుర్తున్నవారికి ఈ ఆకర్షణ ఎంత బలమైనదో వేరే చెప్పనక్కరలేదు. కులూ, గుల్‌మర్గ్‌లకు నేను పంపిన యాత్రికుల్లో చాలామంది మంచును మొదట తాకింది ఆ గదిలోనే.

ఇక నిజాయితీ సంగతి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దానికి ఆధారమూ ఉంది. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలకు చెందిన ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు స్కీ రిసార్టులు తమంతట తాము ప్రకటించిన కొత్త మంచు లెక్కలను పరిశీలించి, వారాంతాల్లో ఆ లెక్కలు 23 శాతం ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. ఆకాశానికి శనివారమని తెలియదు కదా. ఆ తరువాత స్కీ చేసేవారు అక్కడికక్కడే ఫోనులోంచి పరిస్థితిని రాయగలిగే యాప్ రావడంతో ఈ అతిశయోక్తి బాగా తగ్గింది, ముఖ్యంగా ఫోను సిగ్నలు బాగా అందే కొండల మీద. నా ఫ్లెక్సీ మీద పడ్డ చెట్ల బొమ్మకూ ఆ శనివారపు లెక్కలకూ నాకు తేడా కనబడదు. రెండింటిలోనూ వచ్చినవాడికి నష్టం జరిగింది, రెండూ వచ్చినవాడి కళ్ళ ముందే బయటపడ్డాయి.

తయారుచేసిన మంచుకు ఈ విషయంలో ఒక మంచి గుణం ఉంది. అది ఎంత ఉందో చేసినవాడికి కచ్చితంగా తెలుసు. రాత్రి ఎన్ని గంటలు తిప్పారో, ఎన్ని వాలులు పరిచారో, మందం ఎంతో రాసిపెట్టి చెప్పగలడు. 1980ల్లో మెయిన్ రాష్ట్రంలోని సండే రివర్ కొండను లెస్ ఆటెన్ ఈ మార్గంలోనే పైకి తెచ్చాడు. యంత్రాలను దాచకుండా, తన దగ్గర మంచు తయారవుతుందన్నదే పేరుగా చేసుకున్నాడు. ఐరోపాలో మాత్రం పేర్ల దగ్గర తటపటాయింపు కనిపిస్తుంది. ఫ్రెంచివారు దానిని "సాగుచేసిన మంచు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, ఇటలీవారు "కార్యక్రమం ప్రకారం పడే మంచు" అనే అర్థంలో పిలుస్తారు, జర్మన్ మాట్లాడే రిసార్టులు "కృత్రిమ" అన్న మాట వదిలి "సాంకేతిక మంచు" అంటాయి. కృత్రిమం అంటే రసాయనాలతో చేసినదని జనం అనుకుంటారన్న భయం వారిది. ఆ జాగ్రత్తలో అర్థం లేకపోలేదు, ఎందుకంటే అది నీరూ గాలీ తప్ప మరొకటి కాదు, కొన్నిచోట్ల మాత్రం నీరు తొందరగా గడ్డకట్టడానికి నిర్జీవం చేసిన ఒక బాక్టీరియా ప్రోటీను కలుపుతారు. నన్ను అడిగితే మన భాషలో యంత్రపు మంచు అన్నది చక్కటి మాట. అందులో దాపరికమూ లేదు, నిందా లేదు.

ఎంత నిజం చెప్పినా చూసేవారికి మింగుడుపడని సందర్భాలు కూడా ఉన్నాయి. 2018 అక్టోబరులో ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్ అంతకు ముందు చలికాలపు మంచును దాచి ఉంచి, పచ్చటి గడ్డి మధ్య ఒక తెల్లటి పట్టీ పరిచి సీజను తెరిచింది. ముందుగా తెరిచామన్న గొప్ప కోసం చేసిన ఆ పని ఫొటోల్లో విమర్శకు కారణమైంది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో పిరనీస్ పర్వతాల్లోని లూషాన్ సూపర్‌బాన్యేర్ రిసార్టుకు హెలికాప్టరుతో సుమారు 50 టన్నుల మంచు మోయించినప్పుడు ఆ దేశంలోనే పెద్ద దుమారం లేచింది. పిల్లలకు స్కీ నేర్పే వాలు మూతపడకుండా కాపాడుకోవడానికే అలా చేశామని నిర్వాహకులు చెప్పారు. దానిలో అబద్ధం లేదు, కాని హెలికాప్టరు బొమ్మ ముందు ఆ జవాబు నిలబడలేదు.

అన్నిటికంటే బాధ కలిగించేది అరిజోనాలోని స్నోబౌల్ కథ. నవాహో, హోపీ వంటి ఆదివాసీ జాతులు పవిత్రంగా కొలిచే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల మీద ఆ రిసార్టు ఉంది. మురుగునీటిని శుద్ధిచేసి దానితో మంచు తయారుచేస్తామని రిసార్టు అన్నప్పుడు ఆ జాతులవారు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు, ఓడిపోయారు. 2012 చివర మొదలైన సీజను నుంచి అక్కడ పూర్తిగా ఆ నీటితోనే మంచు తయారవుతోంది. నీరు శుద్ధమైనదా కాదా అన్న వాదన వేరు. గుడి మెట్ల మీద ఏ నీళ్ళు చల్లాలో ఆ గుడివారిని అడగాలి. ఒడిశాలో బతికే మనకు ఈ మాట తేలికగా అర్థమవుతుంది. రాయగడ పక్కన నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని తమ కొండను తవ్వవద్దని చెప్పాయి. ఆ సభల గురించి తెలిసినవాడు ఏ కొండ మీదైనా ఏ వ్యాపారమైనా పెట్టే ముందు కింద ఊళ్ళోకి వెళ్ళి అడుగుతాడు.

మన దేశంలో ఈ యంత్రాల చరిత్ర చిన్నది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు గన్నులు పెట్టి, వాటికి నీళ్ళందించడానికి కొండ మీద కృత్రిమ సరస్సు కట్టారు. అదే ఔలీలో 2023 ఫిబ్రవరిలో జరగవలసిన పోటీలు మంచు లేక రద్దయ్యాయి. 2025 ఫిబ్రవరిలో గుల్‌మర్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా పోటీలను మంచు లేకనే మార్చికి వాయిదా వేశారు. యంత్రం కొన్నంత మాత్రాన తేదీ చేతికి రాదు. దాన్ని ఏడాదంతా కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి, గన్నులు తిప్పగలిగే చల్లటి పొడి రాత్రులు కావాలి. 2022లో బీజింగ్ ఒలింపిక్ క్రీడల స్కీ పోటీలు దాదాపు పూర్తిగా యంత్రపు మంచు మీదే జరగగలిగాయంటే, ఆ ప్రాంతంలో చలికాలం ఎముకలు కొరికేంత చల్లగా, పొడిగా ఉండడమే ముఖ్య కారణం. అక్కడ లేనిది మంచే, చలి కాదు. 30 కోట్ల మంది చైనీయులను మంచు ఆటల వైపు తిప్పాలన్న ఆ దేశపు ప్రచారం ఆ పొడి చలి మీదనే ఆధారపడింది.

ఆ చల్లటి రాత్రులే తగ్గిపోతున్నాయి. ఐరోపాలో 2,234 రిసార్టులను లెక్కలోకి తీసుకుని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం భూమి 2 డిగ్రీలు వేడెక్కితే వాటిలో 53 శాతం మంచు కొరతతో తీవ్రమైన ప్రమాదంలో పడతాయి, సగం వాలులకు యంత్రాలు పెడితే అది 27 శాతానికి తగ్గుతుంది. 4 డిగ్రీలు వేడెక్కితే యంత్రాలు లేకుండా 98 శాతం, యంత్రాలు ఉన్నా 71 శాతం. రిసార్టులవారు తమ ప్రకటనల్లో మొదటి జతను చూపిస్తారు, విమర్శకులు రెండో జతను చూపిస్తారు. పదేళ్ళ కోసం డబ్బు పెట్టేవాడికి మొదటిది చాలు, ఆ కొండ కింద పుట్టి అక్కడే ఉండవలసిన పిల్లవాడికి రెండోది కావాలి.

కిందటి ఏడాది దారింగబాడిలో గదులు నడిపే మిత్రుడొకాయన నన్ను అడిగాడు: "అన్నా, ఒక చిన్న మంచు యంత్రం తెప్పిస్తే ఎలా ఉంటుంది? జనవరిలో మూడు డిగ్రీలకు దిగుతుంది కదా." కాదనడానికి ముందు కొలిచి చూద్దామన్నాను. ఆయన వరండాలో రెండు థర్మామీటర్లు వేలాడదీసి, ఒకదాని బల్బుకు మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్ళ గ్లాసులో ఉంచాం. డిసెంబరు, జనవరి రెండు నెలలూ తెల్లవారుజామున ఐదింటికి ఆయన కొలతలు రాశాడు. మామూలు థర్మామీటరు ఎంత దిగినా తడి బల్బు దానికి ఒక డిగ్రీ తేడాతోనే నడిచింది, ఎందుకంటే ఆ వేళకు మా కొండ గాలిలో చెమ్మ నిండి ఉంటుంది. రెండు నెలల్లో తడి బల్బు ఒక్కసారి కూడా సున్నాకు దిగలేదు. గన్ను తెప్పించినా వరండా ముందు బురద తప్ప ఏమీ రాదు. తుషారం మాత్రం కట్టింది, తొమ్మిది రోజులు. మబ్బులేని రాత్రి గడ్డి తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది కాబట్టి గాలి మూడు డిగ్రీల దగ్గర ఉన్నా గడ్డిపోచ మీద నీరు గడ్డకడుతుంది.

యంత్రం ఆలోచన అక్కడ ఆగింది, వరండా మీది థర్మామీటర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు నా కౌంటరు ముందు ఉన్న బోర్డు మీద ఆ వాకిట్లోనే తీసిన తెల్లటి గడ్డి ఫొటో, దాని కింద ఈ వాక్యం ఉంటాయి: "ఇక్కడ కట్టేది నేలమంచు. మబ్బులేని చలి రాత్రుల్లోనే కడుతుంది. కిందటి సీజనులో తొమ్మిది రోజులు కట్టింది." ముందుగా గది తీసుకున్నవారికి ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి ఆ ఉదయపు కొలతలూ, ఆ ఉదయం వాకిట్లో తీసిన ఫొటో ఒకటీ వాట్సాప్‌లో పంపుతున్నాను. చూసి మానుకుంటే పూర్తి డబ్బు తిరిగి ఇస్తానని కూడా రాశాను. మొదటిసారి అలా పంపిన రోజున థర్మామీటరు ఏడు చూపించింది, ఆకాశం సగం మబ్బుగా ఉంది, ఫొటోలో గడ్డి పచ్చగానే ఉంది. పదకొండు మందిలో నలుగురు మానుకున్నారు, ఏడుగురు బయలుదేరి వచ్చారు.